బ్రిటన్‌లో ఫౌండేషన్ ఇయర్‌తో ఫోరెన్సిక్ సైన్స్ చదవాలంటే: చేరేముందు, చేరాక ఏం చేయాలి

బ్రిటన్ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ఫోరెన్సిక్ సైన్స్ బీఎస్సీ ఆనర్స్‌ను రెండు రకాలుగా ఇస్తారు. ఒకటి మామూలు మూడేళ్ల డిగ్రీ. రెండోది ముందు ఒక ఏడాది కలిపి నాలుగేళ్లది, దీన్నే ‘విత్ ఫౌండేషన్ ఇయర్’ అంటారు. ఇంటర్లో సైన్స్ గ్రూపు తీసుకోనివాళ్లకూ, తీసుకున్నా మార్కులు తగ్గినవాళ్లకూ, అక్కడే పెరిగి ఏ లెవెల్స్‌లో (అక్కడి ఇంటర్ స్థాయి చదువు) కెమిస్ట్రీ, బయాలజీ వదిలేసిన తెలుగు పిల్లలకూ ఈ రెండోది పనికొస్తుంది.

ఒక విషయం మొదటే గట్టిగా చెప్పాలి. కోర్సు పేరులో ఫోరెన్సిక్ అనే మాటే కనిపించినా, ఆ నాలుగేళ్లలో ఎక్కువ కాలం మీరు చేసేది కెమిస్ట్రీ, బయాలజీ, స్టాటిస్టిక్స్, రాతపని. నేరం మీద ఆసక్తి ఉండి కెమిస్ట్రీ అంటే విసుగున్నవాళ్లకు క్రిమినాలజీ నయం. అది తక్కువ చదువేమీ కాదు, వేరే చదువు. ఫలితం ఎలా వచ్చిందో, ఎంతవరకు నమ్మాలో తెలుసుకోవాలని మనసు లాగేవాళ్లకే ఫోరెన్సిక్ సైన్స్ సరిపోతుంది.

1. అసలు ఫౌండేషన్ ఇయర్ మీకు అవసరమా?

అవసరం లేకుండా చేరితే ఒక ఏడాది ఫీజు, ఒక ఏడాది ఖర్చు వృథా. ఇంటర్ బైపీసీ లేదా ఎంపీసీ మంచి మార్కులతో పాసైతే చాలా యూనివర్సిటీలు నేరుగా మొదటి సంవత్సరంలోకి తీసుకుంటాయి. సీబీఎస్‌ఈవాళ్లకు కొంత శాతం, రాష్ట్ర బోర్డులవాళ్లకు అంతకన్నా కొంచెం ఎక్కువ శాతం అడగడం మామూలే. ఆ వివరం ప్రతి యూనివర్సిటీ వెబ్‌సైట్లో ‘ఇండియా’ పేజీలో ఉంటుంది. ముందు ఆ పేజీ చదవండి, కన్సల్టెన్సీ గడప ఆ తర్వాత తొక్కండి. విద్యార్థి చేరితే చాలా కన్సల్టెన్సీలకు యూనివర్సిటీ నుంచి కమీషన్ వస్తుంది. అందుకే వాళ్లకు ఒప్పందం ఉన్న నాలుగైదు పేర్లే మీకు వినిపిస్తాయి. అర్హత ఉండి కూడా ఫౌండేషన్‌లో చేరినవాళ్లు ఉంటారు. ‘నేరుగా మొదటి సంవత్సరంలోకి నా అర్హత సరిపోతుందా?’ అని అడ్మిషన్స్ ఆఫీసుకు మీరే మెయిల్ రాయండి. టెన్త్, ఇంటర్ మెమోలు జత చేయండి. టెన్త్ మెమో కూడా ఎందుకంటే, గణితం, ఇంగ్లిష్‌ల కనీస అర్హతను చాలాచోట్ల అందులోనే చూస్తారు.

ఎంఈసీ, సీఈసీ, హెచ్‌ఈసీ గ్రూపులవాళ్లు మాత్రం ఫౌండేషన్ ద్వారానే వెళ్లాలి.

2. రెండు రకాల ఫౌండేషన్లను కలగలపకండి

మొదటి రకంలో ఫౌండేషన్ డిగ్రీలోనే భాగం. యూనివర్సిటీయే పాఠాలు చెబుతుంది, నాలుగేళ్లకూ ఒకే అడ్మిషన్, మామూలుగా ఒకే వీసా. ఏడాది చివర పాసైతే అదే డిపార్ట్‌మెంట్లో మొదటి సంవత్సరానికి వెళ్తారు.

రెండోది ‘ఇంటర్నేషనల్ ఫౌండేషన్’. తరచూ యూనివర్సిటీతో ఒప్పందం ఉన్న ప్రైవేటు సంస్థ నడుపుతుంది. ఇంగ్లిష్ మీద ఎక్కువ శ్రద్ధ పెడతారు, తరగతులు చిన్నవి, ఐఈఎల్‌టీఎస్ స్కోరు కాస్త తక్కువైనా చేర్చుకుంటారు. కానీ డిగ్రీలోకి వెళ్లడానికి కేవలం పాస్ సరిపోదు, మొత్తం మీద ఇంత శాతం, కెమిస్ట్రీలో ఇంత శాతం అని షరతు పెడతారు. మధ్యలో కొత్త కాస్ (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ప్రవేశ ధ్రువీకరణ), కొత్త వీసా దరఖాస్తు కూడా పడవచ్చు. ఇంకో తేడా పార్ట్‌టైమ్ పనిలో. డిగ్రీ స్థాయి కోర్సుకు వీసా ఇస్తే తరగతులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు. డిగ్రీకి దిగువ స్థాయి కోర్సుకు ఇస్తే 10 గంటలే. మీ కాస్ ఏ స్థాయికి ఇస్తున్నారో డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా అడగండి.

సైన్స్ పునాది బలహీనంగా ఉండి ఇంగ్లిష్ ఫరవాలేదనుకుంటే మొదటి రకమే మేలు. మొదటి ఏడాది నుంచే ఆ డిపార్ట్‌మెంట్ ల్యాబులు, ఆ అధ్యాపకులు మీకు అలవాటవుతారు.

3. చదువు తర్వాత ఉద్యోగం సంగతి ముందే లెక్క వేసుకోండి

ఈ మాట చాలామంది నాలుగో ఏడాదిలో వింటారు. ఇప్పుడే వినాలి. ఇంగ్లండ్, వేల్స్‌లకు ఒకప్పుడు ప్రభుత్వ ఫోరెన్సిక్ సైన్స్ సర్వీస్ ఉండేది. 2012 మార్చిలో దాన్ని మూసేశారు. ఇప్పుడు పని కొంత పోలీసు విభాగాల సొంత యూనిట్లలో, కొంత ప్రైవేటు ల్యాబుల్లో జరుగుతోంది. స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో ప్రభుత్వ ల్యాబులు ఉన్నాయి. మొత్తం మీద పోస్టులు తక్కువ, డిగ్రీలు చేసినవాళ్లు ఎక్కువ.

పోలీసు విభాగాల్లో క్రైమ్ సీన్ ఉద్యోగానికి వెట్టింగ్ (నేపథ్య తనిఖీ) ఉంటుంది. సాధారణంగా కనీసం మూడేళ్లు బ్రిటన్‌లో నివాసం ఉండాలంటారు, డ్రైవింగ్ లైసెన్స్ అడుగుతారు. నాలుగేళ్లు చదివితే నివాసం షరతు తీరవచ్చు, కానీ పని చేసే హక్కు వేరే సంగతి. చదువయ్యాక ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ రూట్ 2027 జనవరి 1 నుంచి చేసే దరఖాస్తులకు రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గుతోంది. ఇప్పుడు నాలుగేళ్ల కోర్సులో చేరేవాళ్లు 18 నెలలనే లెక్కలోకి తీసుకోవాలి. ఆ తర్వాత కావలసిన స్కిల్డ్ వర్కర్ వీసాకు సాధారణ జీతం పరిమితి 2025 జులై నుంచి ఏడాదికి 41,700 పౌండ్లు, కొత్తగా చదువు ముగించినవాళ్లకు 33,400. ఫోరెన్సిక్ ఉద్యోగాల్లో మొదట్లో ఇచ్చే జీతాలు సాధారణంగా అక్కడిదాకా రావు.

అందుకే కెమిస్ట్రీ బరువు ఎక్కువున్న కోర్సు ఎంచుకోమని మా సలహా. అలాంటి డిగ్రీ ఉంటే ఫార్మా క్వాలిటీ కంట్రోల్, టాక్సికాలజీ, ఆహారం, నీటి పరీక్షల ల్యాబులు కూడా మీకు తెరిచే ఉంటాయి.

మన దగ్గరికి తిరిగొచ్చే ఆలోచన ఉంటే కాలం కొంత అనుకూలంగానే ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176(3) సెక్షన్ ప్రకారం ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లాలి. దీన్ని అమల్లోకి తేవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు ఇచ్చారు. హైదరాబాద్‌లోనే రెడ్‌హిల్స్‌లో రాష్ట్ర ఫోరెన్సిక్ సైన్స్ ల్యాబు (ఎఫ్‌ఎస్‌ఎల్), రామంతాపూర్‌లో కేంద్ర ల్యాబు ఉన్నాయి. అయితే సైంటిఫిక్ పోస్టుల నోటిఫికేషన్లు తరచూ ఎమ్మెస్సీ అడుగుతాయి, విదేశీ డిగ్రీకి సమానత్వ పత్రం కూడా అడగవచ్చు. డిగ్రీ పట్టాతో పాటు ఏ సబ్జెక్టు ఎన్ని క్రెడిట్లో చూపే ట్రాన్స్‌క్రిప్ట్, మాడ్యూళ్ల వివరాల పుస్తకం భద్రంగా దాచుకోండి. కెమిస్ట్రీ ఎంత చదివారో చూపించాల్సి వచ్చినప్పుడు పట్టా ఒక్కటే చాలదు.

4. కోర్సును ఎలా పరీక్షించాలి

క్రైమ్ సీన్ హౌస్ ఫొటోలు చూసి కోర్సు ఎంచుకోవద్దు. ఈ కింది ప్రశ్నలు మెయిల్లో పెట్టి జవాబు తెప్పించుకోండి.

డిగ్రీకి చార్టర్డ్ సొసైటీ ఆఫ్ ఫోరెన్సిక్ సైన్సెస్ గుర్తింపు ఉందా, ఉంటే ఏ విభాగాల్లో? ఆ సంస్థ ఘటనా స్థల పరిశోధన, ల్యాబ్ విశ్లేషణ, సాక్ష్యం అంచనా వేసి సమర్పించడం వంటి విభాగాలకు వేరువేరుగా గుర్తింపు ఇస్తుంది. ఒక్క క్రైమ్ సీన్ విభాగానికే ఉండి ల్యాబ్ విశ్లేషణకు లేకపోతే ఆ డిగ్రీ మొగ్గు ఎటో తెలిసిపోతుంది.

ఫౌండేషన్ ఏడాదిలో కెమిస్ట్రీ ఎన్ని క్రెడిట్లు? ఏడాదికి మొత్తం 120. కెమిస్ట్రీ, బయాలజీ, గణితం మూడూ వేరువేరు మాడ్యూళ్లుగా ఉంటే మంచిది. ‘సైన్స్ స్కిల్స్’ అని అన్నిటినీ ఒకే గంపలో వేస్తే ఎంత లోతుగా చెబుతారో అడగండి.

వారానికి ల్యాబ్ ఎన్ని గంటలు? నమూనాలో ఏ రసాయనాలున్నాయో గుర్తించే జీసీ-ఎంఎస్, ఎఫ్‌టీఐఆర్ పరికరాలను విద్యార్థులే నడుపుతారా, లేక టెక్నీషియన్ నడుపుతుంటే చూస్తారా? ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు చాలా విషయాలు చెబుతుంది.

రెండో, మూడో ఏడాదిలో కోర్టు సాక్ష్యం మాడ్యూల్ ఉందా? మాక్ కోర్టులో నిలబెట్టి క్రాస్ ఎగ్జామినేషన్ చేసే కోర్సు విలువైనది.

ప్లేస్‌మెంట్ ఏడాది (చదువు మధ్యలో ఏదైనా సంస్థలో పనిచేసే ఏడాది) ఉంటే అది విదేశీ విద్యార్థులకూ వర్తిస్తుందా? చోటు యూనివర్సిటీ చూపిస్తుందా, మీరే వెతుక్కోవాలా? చాలాచోట్ల మీరే వెతుక్కోవాలి.

పేర్లలో తేడా కూడా గమనించండి. ‘ఫోరెన్సిక్ సైన్స్’, ‘ఫోరెన్సిక్ ఇన్వెస్టిగేషన్’, ‘క్రిమినాలజీ అండ్ ఫోరెన్సిక్స్’ మూడూ ఒకటి కావు. రెండోదానిలో ల్యాబ్ తగ్గి స్థల పరిశోధన పెరుగుతుంది, మూడోదానిలో సగం సామాజిక శాస్త్రం.

5. దరఖాస్తు

డిగ్రీ దరఖాస్తులు తీసుకునే ఉమ్మడి సంస్థ యూకాస్ ద్వారా ఐదు కోర్సుల వరకు ఎంచుకోవచ్చు. అందరినీ సమానంగా పరిశీలించే గడువు జనవరిలో ఉంటుంది. 2026 ప్రవేశాలకు అది జనవరి 14. తర్వాత కూడా తీసుకుంటారు, జూన్ 30 దాటితే క్లియరింగ్‌లోకి (మిగిలిన సీట్లు నింపే దశ) వెళ్తుంది. విదేశీ విద్యార్థులను చాలా యూనివర్సిటీలు నేరుగా కూడా తీసుకుంటాయి. ఫౌండేషన్ ఉన్న కోర్సుకూ, లేని కోర్సుకూ కోడ్ వేరు. కోడ్ తప్పు పడితే అర్హత లేదని తిరస్కరించే ప్రమాదం ఉంది, సరిచూసుకోండి.

పర్సనల్ స్టేట్‌మెంట్ 2026 ప్రవేశాల నుంచి మూడు ప్రశ్నలకు జవాబుగా రాయాలి: ఈ కోర్సు ఎందుకు, మీ చదువు మిమ్మల్ని ఎలా సిద్ధం చేసింది, చదువు బయట ఏం చేశారు. మొత్తం 4,000 అక్షరాలు, ఒక్కో జవాబుకు కనీసం 350. టీవీ సీరియల్ చూసి ఇష్టం కలిగిందని రాసినవి అడ్మిషన్ ట్యూటర్లు వందలు చదువుతారు. దాని బదులు ఒక విషయం తీసుకుని లోపలికి వెళ్లండి. ఉదాహరణకు వేలిముద్రల వర్గీకరణ. ఎడ్వర్డ్ హెన్రీ పేరుతో ప్రపంచమంతా తెలిసిన ఆ పద్ధతి వెనుక కలకత్తాలో పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌ల కృషి ఉంది. 1897లో అక్కడ వేలిముద్రల బ్యూరో మొదలైంది, 1901లో స్కాట్లండ్ యార్డ్‌లో మొదలైంది. ఇది చదివాక మీకు వచ్చిన సందేహం ఏమిటో రాయండి. ఎంఈసీవాళ్లయితే స్టాటిస్టిక్స్‌లో నేర్చుకున్నది సాక్ష్యం బలాన్ని లెక్కించడానికి ఎలా పనికొస్తుందో రాయండి, అది మీకున్న నిజమైన బలం. వేరేవాళ్ల స్టేట్‌మెంట్ నకలు కొడితే యూకాస్ సాఫ్ట్‌వేర్ పట్టేస్తుంది.

6. డబ్బు, వీసా

విదేశీ విద్యార్థులకు ఫీజు యూనివర్సిటీని బట్టి మారుతుంది, ల్యాబ్ కోర్సు కాబట్టి ఆర్ట్స్ కన్నా ఎక్కువే ఉంటుంది. నాలుగేళ్లకూ ఒకే ఫీజా, ఏటా పెరుగుతుందా అని తప్పక అడగండి.

వీసాకు చూపాల్సిన జీవన ఖర్చు 2025 నవంబర్ 11 నుంచి లండన్‌లో నెలకు 1,529 పౌండ్లు, బయట 1,171. తొమ్మిది నెలలకు లెక్క వేస్తే లండన్ 13,761, బయట 10,539. దీనికి మొదటి ఏడాది ఫీజులో ఇంకా కట్టాల్సింది కలపాలి. ఈ మొత్తం వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. ఒక్క రోజు ఒక్క పౌండు తగ్గినా తిరస్కరిస్తారు. స్టేట్‌మెంట్ ముగిసిన తేదీ నుంచి 31 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి. పొలం విలువ, బంగారం, చిట్టీ, షేర్లు, పీఎఫ్ లెక్కలోకి రావు. అమ్మానాన్నల ఖాతా చెల్లుతుంది, దానికి మీ జనన ధ్రువపత్రం, వాళ్ల అంగీకార పత్రం జతచేయాలి. బాబాయి, మేనమామల ఖాతా చెల్లదు. వాళ్లు సాయం చేస్తే డబ్బు ముందుగా మీ ఖాతాలోకి రావాలి, 28 రోజులు అక్కడినుంచి లెక్క. బ్యాంకు లోన్ అయితే మంజూరు లేఖ విద్యార్థి పేరున ఉండాలి. పౌండు మారకం రోజూ మారుతుంది కాబట్టి కనీసం ఐదు శాతం అదనంగా ఉంచండి.

ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లు, మొత్తం వీసా కాలానికి ఒకేసారి కట్టాలి. నాలుగేళ్ల మూడు నెలల వీసా అయితే 776 నాలుగుసార్లు, మిగిలిన ముక్కకు 388, వెరసి 3,492. చాలా ఇళ్లలో ఈ అంకె ఆఖరి వారంలోనే తెలుస్తుంది. టీబీ పరీక్ష గుర్తింపు ఉన్న క్లినిక్‌లోనే చేయించాలి, ఆ సర్టిఫికెట్ ఆరు నెలలు చెల్లుతుంది.

ఇంటర్వ్యూలో ‘ఈ కోర్సే ఎందుకు, ఏ మాడ్యూళ్లు ఉన్నాయి?’ అని అడుగుతారు. కన్సల్టెన్సీ ఇచ్చిన జవాబులు బట్టీ పట్టినవాళ్లు రెండో ప్రశ్నకే దొరికిపోతారు. పైన నాలుగో మెట్టులో చెప్పిన పని చేసినవాళ్లకు ఇది ఇబ్బంది కాదు.

7. వెళ్లేలోపు మూడు నెలల్లో ఏం చదవాలి

ఇది మీ గ్రూపును బట్టి ఉంటుంది.

బైపీసీవాళ్లు: మీకు లోటు గణితం. టెన్త్ తర్వాత లెక్కలు వదిలేసి రెండేళ్లయింది. ఫార్ములాలో ఒక పదాన్ని పక్కకు తెచ్చుకోవడం, పది ఘాతాలుగా అంకెలు రాయడం, లాగరిథమ్, సరళరేఖ సమీకరణం, గ్రాఫు వాలు కొలవడం, సిగ్నిఫికెంట్ ఫిగర్స్ ఇవి రోజుకు అరగంట చేయండి. ఫౌండేషన్‌లో బైపీసీవాళ్లకు మార్కులు పోయేది బయాలజీలో కాదు, కెమిస్ట్రీ లెక్కల్లో.

ఎంపీసీవాళ్లు: కణం, డీఎన్‌ఏ నిర్మాణం, ప్రొటీన్ తయారీ, పీసీఆర్ (డీఎన్‌ఏకు ఎన్నో నకళ్లు తీసే పద్ధతి), రక్తంలోని భాగాలు. ఇప్పుడు ఇంగ్లండ్, వేల్స్‌లలో వాడే డీఎన్‌ఏ ప్రొఫైలింగ్ పద్ధతి 16 స్థానాల్లోని ఎస్‌టీఆర్‌లను (డీఎన్‌ఏలో వరుసగా పదేపదే వచ్చే చిన్న ముక్కలను), లింగాన్ని తెలిపే ఇంకో గుర్తును చూస్తుంది. ఎస్‌టీఆర్ అంటే ఏమిటో మీరే ఒక పేజీ రాయగలిగితే ముందున్నట్టే.

ఎంఈసీ, సీఈసీవాళ్లు: కెమిస్ట్రీ నుంచే మొదలుపెట్టాలి. పరమాణు నిర్మాణం, బంధాలు, మోల్. అన్నిటికన్నా మోల్. అది అర్థం కాకపోతే ద్రావణాలు, టైట్రేషన్లు, ఆ తర్వాత టాక్సికాలజీ అన్నీ ఆగిపోతాయి.

అందరికీ ఒక పరీక్ష: 250 మి.లీ. 0.1 మోలార్ ఉప్పు ద్రావణానికి ఎన్ని గ్రాముల సోడియం క్లోరైడ్ కావాలి? 0.1ని 0.25తో గుణిస్తే 0.025 మోల్, దాన్ని 58.44తో గుణిస్తే 1.461 గ్రాములు. కాగితం మీద రెండు నిమిషాల్లో, వివరణ చూడకుండా రావాలి. తప్పు సాధారణంగా మి.లీ.ని లీటర్లలోకి మార్చకపోవడం వల్ల వస్తుంది. 25 మోల్ అని వచ్చినా అనుమానం కలగకపోతే అంకె పరిమాణం మీద ఇంకా పట్టు రాలేదని అర్థం.

8. ల్యాబులో

ఫౌండేషన్ ఏడాది అసలు విలువ ఇక్కడే. మన ఇంటర్ కాలేజీల్లో చాలాచోట్ల ప్రాక్టికల్స్ పరీక్షల ముందు నెలలో ముగించేస్తారు, బ్యూరెట్ చేతికొచ్చేది రెండు మూడు సార్లే. మిగతావాళ్లకన్నా ఎక్కువసేపు ల్యాబులో గడపడానికి సిద్ధపడి వెళ్లండి.

ముందు నోట్‌బుక్. మనకు రఫ్‌గా రాసుకుని, తర్వాత రికార్డులో అందంగా ఫెయిర్ చేసే అలవాటు. ఫోరెన్సిక్‌లో అది పెద్ద తప్పు. పని చేస్తున్నప్పుడే, అక్కడికక్కడే, చెరగని సిరాతో రాయాలి. తప్పు పడితే ఒకే ఒక్క గీత కొట్టి, కింద ఉన్నది కనిపించేలా ఉంచి, పక్కన పొడి అక్షరాలు, తేదీ వేయాలి. వైట్‌నర్ వాడకూడదు, పేజీ చింపకూడదు, ఖాళీ వదిలిన చోట అడ్డంగా గీత కొట్టాలి. కోర్టులో డిఫెన్స్ లాయరు అడిగేది ఆ మొదటి నోట్సే. ఫెయిర్ కాపీ మాత్రమే ఉంటే, అసలుది ఏం చేశారని అడుగుతాడు. అలవాటు మారడానికి సమయం పడుతుంది కాబట్టి మొదటి వారం నుంచే మొదలుపెట్టండి.

ద్రావణం తయారీలో అందరూ చేసే తప్పు ఒకటుంది. తూచిన ఉప్పు మీద 250 మి.లీ. నీళ్లు పోయడం. అలా చేస్తే మొత్తం పరిమాణం 250 కాకుండా పోతుంది. బీకరులో కొద్ది నీటిలో కరిగించి, వాల్యూమెట్రిక్ ఫ్లాస్కులోకి మార్చి, బీకరును రెండు మూడు సార్లు కడిగి ఆ నీళ్లు కూడా పోసి, అప్పుడు గీతదాకా నింపాలి. నీటి వంపు అడుగు గీతకు తగలాలి, కన్ను అదే ఎత్తులో ఉండాలి. ద్రావణం వేడిగా ఉన్నప్పుడు నింపితే చల్లారాక గీత కిందికి దిగుతుంది.

మైక్రోపిపెట్‌కు రెండు ఆపులుంటాయి. పీల్చేటప్పుడు మొదటి ఆపు వరకే నొక్కాలి, వదిలేటప్పుడు రెండోదాకా. పీల్చేటప్పుడే రెండోదాకా నొక్కితే ఎక్కువ వస్తుంది. మీ చేయి సరిగా ఉందో లేదో తూచి చూసుకోండి. 20 డిగ్రీల దగ్గర 1,000 మైక్రోలీటర్ల నీరు దాదాపు 0.998 గ్రాములు తూగాలి. పదిసార్లు తూచి, అంకెలు ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. సగటు సరిగ్గా ఉండి అంకెలు చెదిరితే చేతి తప్పు. అన్నీ దగ్గరగా ఉండి సగటు తప్పితే చాలావరకు పిపెట్ తప్పు.

కాలిబ్రేషన్ గ్రాఫు. తెలిసిన గాఢతల ద్రావణాలు (స్టాండర్డ్‌లు) కనీసం ఐదు తయారు చేసి, ఒక్కోదాని అబ్జార్బెన్స్ (కాంతిని ఎంత పీల్చుకుంటుందో) కొలిచి గీత గీస్తారు. తెలియని నమూనా విలువ ఆ గీత మీద ఎక్కడ పడుతుందో చూస్తారు. నమూనా అబ్జార్బెన్స్ మీ అత్యధిక స్టాండర్డ్‌ను దాటిపోతే గీతను పొడిగించి చదవకండి. అక్కడ సంబంధం సరళంగా ఉంటుందన్న హామీ లేదు. నమూనాను పదింతలు పలుచన చేసి మళ్లీ కొలవండి, జవాబును పదితో గుణించడం మరచిపోకండి. ఆ గుణకారం మరిచిన రిపోర్టులు ప్రతి ఏడాదీ వస్తాయి.

ఇక రక్తపు మరక పరీక్ష. కాజిల్-మేయర్ పరీక్షను ఈ కోర్సుల్లో ఎక్కడో ఒకచోట తప్పక చేయిస్తారు, బోధనలో సాధారణంగా గుర్రం రక్తం వాడతారు. తడిపిన స్వాబ్‌తో మరకను తేలిగ్గా రుద్దండి. ఒక చుక్క ఇథనాల్, తర్వాత ఒక చుక్క కాజిల్-మేయర్ రియేజెంట్. ఇక్కడ ఆగి చూడాలి. రంగు రాకూడదు. ఆ తర్వాత ఒక చుక్క హైడ్రోజన్ పెరాక్సైడ్. కొన్ని సెకన్లలో గులాబీ రంగు వస్తే పాజిటివ్. పెరాక్సైడ్ వేయకముందే రంగు వస్తే అక్కడ ఉన్నది వేరే ఆక్సీకారకం, బ్లీచ్ కావచ్చు, ఏదైనా రాగి లవణం కావచ్చు. అరనిమిషం దాటాక మెల్లగా వచ్చే గులాబీని లెక్కలోకి తీసుకోకూడదు, గాలికి రియేజెంట్ దానంతటదే రంగు మారుతుంది. కొన్ని కూరగాయల్లోని పెరాక్సిడేజ్ ఎంజైములు కూడా తప్పుడు పాజిటివ్ ఇస్తాయి. అందుకే ముందు తెలిసిన రక్తం మీద ఒకసారి, శుభ్రమైన స్వాబ్ మీద ఒకసారి చేసి, రెండూ రావలసినట్టు వచ్చాకే అసలు మరక దగ్గరికి వెళ్లాలి. ఆ క్రమం నోట్సులో కనిపించాలి. రిపోర్టులో ‘రక్తం ఉంది’ అని రాస్తే మార్కులు పోతాయి. ‘రక్తం అయ్యే అవకాశం ఉంది, నిర్ధారణ పరీక్ష చేయాలి’ అని రాయాలి. మనిషి రక్తమో జంతువు రక్తమో ఈ పరీక్ష చెప్పదు.

వేలిముద్రల్లో క్రమం ప్రాణం. కాగితం మీద ముద్ర వెతకాలంటే ముందు కాంతితో చూడాలి, తర్వాత నిన్‌హైడ్రిన్ లాంటి అమైనో ఆమ్లాలతో చర్య జరిపే రసాయనం, చివర్లో ఫిజికల్ డెవలపర్. ఈ చివరిది నీటి ద్రావణం, అమైనో ఆమ్లాలను కడిగేస్తుంది. దాన్ని ముందు చేస్తే నిన్‌హైడ్రిన్‌కు ఏమీ మిగలదు, వెనక్కి వెళ్లే దారీ ఉండదు. గాజు మీద పౌడర్ వేసేటప్పుడు కొత్తవాళ్లు ఎక్కువ వేస్తారు, రేఖల మధ్య సందులు నిండిపోయి ముద్ర మొద్దుబారుతుంది. బ్రష్ మీద కనిపించీ కనిపించనంత చాలు.

తడి బట్టను ప్లాస్టిక్ సంచిలో పెట్టి సీలు వేయకండి. బూజు పడుతుంది, డీఎన్‌ఏ పాడవుతుంది. ఆరబెట్టి కాగితపు సంచిలో పెట్టాలి. అక్కడి పద్ధతిలో వస్తువు తీసినవాళ్ల పొడి అక్షరాలు, వరుస సంఖ్య కలిపి ఎగ్జిబిట్ నంబరు వేస్తారు. అది చేతులు మారిన ప్రతిసారీ ఎవరు, ఎప్పుడు అన్నది లేబుల్ మీద పడాలి. ఒక్క సంతకం లేకపోయినా మధ్యలో ఏం జరిగిందో చెప్పలేని ఖాళీ ఏర్పడుతుంది.

9. గణితం ఎందుకంటే

సాలీ క్లార్క్ కేసు చదవండి. ఇద్దరు పసిపిల్లలు వేర్వేరు సమయాల్లో చనిపోయారు, తల్లే చంపిందని 1999లో శిక్ష పడింది. ఒక కుటుంబంలో పసిబిడ్డ హఠాత్తుగా చనిపోయే అవకాశం 8,543లో ఒకటి అని తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, ఇద్దరూ అలా చనిపోయే అవకాశం సుమారు 7.3 కోట్లలో ఒకటి అని వైద్య నిపుణుడు కోర్టుకు చెప్పాడు. రెండు ఘటనలకూ సంబంధం లేనప్పుడే అలా గుణించవచ్చు. ఒకే ఇంట్లో, ఒకే తల్లిదండ్రుల పిల్లలకు ఆ మాట చెల్లదు. పైగా ఆ అంకె తల్లి నిర్దోషి అయ్యే అవకాశం కూడా కాదు. 2003లో శిక్ష రద్దయింది, అప్పటికి ఆమె మూడేళ్లకు పైగా జైల్లో గడిపింది. సంభావ్యతలో స్వతంత్ర ఘటనలు అన్న పాఠం ఫౌండేషన్‌లో ఒక గంటలో అయిపోతుంది. ఆ గంట నిద్రపోవద్దు.

10. పాస్ కావడం, ముందుకు వెళ్లడం

చాలా యూనివర్సిటీల్లో మాడ్యూల్ పాస్ మార్కు 40 శాతం. రీసిట్ (తప్పిన పరీక్ష మళ్లీ) రాస్తే ఎంత బాగా రాసినా 40కే పరిమితం చేస్తారు. ఫౌండేషన్ మార్కులు డిగ్రీ క్లాసులో కలవవు, మొదటి సంవత్సరానివీ చాలాచోట్ల కలవవు. అలాగని తేలిగ్గా తీసుకుంటే రెండో ఏడాది కెమిస్ట్రీలో దెబ్బ తగులుతుంది. ఇంకో సంగతి, అక్కడ 70 దాటితే ఫస్ట్ క్లాస్. ఇక్కడ 95లకు అలవాటుపడి 62 చూసి బెంగ పెట్టుకోవద్దు, అది మంచి మార్కు. మార్కు పక్కన రాసిన వ్యాఖ్యలు చదవండి, తర్వాతి రిపోర్టుకు అవే దారి.

నకలు విషయంలో చాలా కఠినంగా ఉంటారు. పుస్తకంలోని వాక్యాన్ని మూలం చెప్పకుండా రాయడం, స్నేహితుడి రీడింగులు తీసుకోవడం, సీనియర్ రికార్డు చూసి రాయడం, అనుమతి లేకుండా ఏఐతో రాయించడం ఇవన్నీ విచారణకు దారితీస్తాయి. ఇద్దరు కలిసి ప్రయోగం చేసినా రిపోర్టు ఎవరిది వాళ్లే రాయాలి. మీ రీడింగు తప్పు వచ్చినా అదే రాసి ఎందుకు తప్పిందో వివరిస్తే మార్కులు వస్తాయి. అంకె దిద్దితే మార్కులతో పాటు నమ్మకమూ పోతుంది.

హాజరును యూనివర్సిటీ గమనిస్తుంది, చెప్పకుండా మానేస్తే మీ వీసా స్పాన్సర్‌షిప్ రద్దు చేసే అధికారం దానికుంది. వారానికి 20 గంటలు అంటే సగటు కాదు, ఏ వారమూ 20 దాటకూడదు. రాత్రి షిఫ్టు చేసి పొద్దున ల్యాబుకు వెళ్లడం మాత్రం చేయకండి. అక్కడ ఆమ్లాలుంటాయి, గాజుంటుంది.

ఫలితాలు వచ్చాక మూడు పనులు చేయండి. ఏ మాడ్యూల్లోనైనా 50 కన్నా తక్కువ వస్తే, పాసైనా సరే, వేసవిలో ఆ పాఠాలు మళ్లీ చదవండి. ప్లేస్‌మెంట్ కావాలనుకుంటే ఏ తేదీలోపు చెప్పాలో, దానికి వీసా మార్చుకోవాలో లేదో ఇంటర్నేషనల్ ఆఫీసులో కనుక్కోండి. డిపార్ట్‌మెంట్ టెక్నీషియన్లను పరిచయం చేసుకుని, రెండో ఏడాదిలో వాడే పరికరాల శిక్షణ ఎప్పుడుందో అడిగి పేరు రాయించుకోండి. ఆ జాబితాలు త్వరగా నిండిపోతాయి.